22 మ్యాచ్‌లు గెలిచినవాళ్లు ఇంట్లో, 15 గెలిచినవాళ్లు ప్లేఆఫ్స్‌లో

ఫిబ్రవరి మధ్యలో ఒక శనివారం పొద్దున్నే డాలస్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. పలకరింపులు కూడా లేవు. "ఇదెక్కడి న్యాయం రా?" అన్నాడు. మా మేనల్లుడు అక్కడ హైస్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడుతున్నాడు. ఆ సీజన్‌లో వాళ్ల టీమ్ 33 మ్యాచ్‌లు ఆడి 22 గెలిచింది. ఐదారు మైళ్ల అవతలున్న ఇంకో స్కూలు 32 ఆడి 15 గెలిచింది. అంటే గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. ప్లేఆఫ్స్‌కి వెళ్లింది మాత్రం ఆ రెండో స్కూలే. వీళ్లు బంతులు సర్దుకుని ఇంటికొచ్చేశారు.

బావకి నేను చెప్పింది ఒకటే. ఆ 22లో ఎన్ని లెక్కలోకి వస్తాయో ముందు చూడమన్నాను. చూస్తే అందులో 15 గెలుపులు సీజన్ మొదట్లో అక్కడా ఇక్కడా ఆడిన మ్యాచ్‌లవి. సొంత గ్రూపులో ఆడిన 14 మ్యాచ్‌లలో వీళ్లు గెలిచింది ఏడు, ఓడింది ఏడు. ఎనిమిది టీమ్‌ల పట్టికలో ఐదో స్థానం. ఆ రెండో స్కూలు అదే పట్టికలో ఎనిమిది గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. టెక్సస్‌లో పైకి వెళ్లేది నలుగురే. మిగతా గెలుపులన్నీ, మన భాషలో చెప్పాలంటే, ప్రాక్టీసు పరీక్షల మార్కులు. ప్రోగ్రెస్ కార్డులో కనిపిస్తాయి కానీ ర్యాంకులోకి రావు.

బావకి కోపం తగ్గలేదనుకోండి. కానీ అడిగిన ప్రశ్న మంచిదే. అమెరికాలో పిల్లలున్న మన కుటుంబాల్లో ఈ గందరగోళం చాలామందికి ఉంది. ఒక రాష్ట్రంలో నేర్చుకున్న లెక్క ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లగానే పనికిరాదు. ఎందుకంటే ఈ ఆటకి దేశం మొత్తానికి ఒక పద్ధతంటూ లేదు. ఇండియానాపొలిస్‌లో ఒక జాతీయ సమాఖ్య ఉంది, ఆట నియమాలు రాస్తుంది. జాతీయ చాంపియన్‌ని మాత్రం తేల్చదు. 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ఎవరి సంఘం వాళ్లది, ఎవరి ప్లేఆఫ్స్ వాళ్లవి.

ఇంకో తేడా కూడా చెప్పాలి. మన దగ్గర స్కూల్ గేమ్స్‌లో పైకి వెళ్లేకొద్దీ స్కూలు పేరు పక్కకి పోతుంది. సెలెక్షన్స్ పెట్టి జిల్లా టీమ్ కడతారు, ఆ తర్వాత రాష్ట్ర టీమ్. ఆటగాడు పైకి వెళతాడు, స్కూలు ఆగిపోతుంది. అమెరికాలో అలా కాదు, స్కూలు స్కూలుగానే చివరిదాకా వెళుతుంది. అందుకే అక్కడ ఊరు ఊరంతా జిమ్‌లో కూర్చుంటుంది, అందుకే ఏ స్కూలు ఎవరితో ఆడాలన్నది అంత పెద్ద తగాదా.

ఎన్ని వందల స్కూళ్లున్నా చిక్కు ఒకటే. సీజన్‌లో ఒక్కో టీమ్ ఆడేది 20 నుంచి 30 పైచిలుకు మ్యాచ్‌లు. మిగతా వందల టీమ్‌ల మొహం కూడా చూసి ఉండదు. ఎప్పుడూ ఎదురుపడని ఇద్దరిలో ఎవరు గొప్పో ఎలా చెప్పాలి? ఒక రాష్ట్రం దీన్ని మ్యాపుకి వదిలేసింది, ఒకటి కోచ్‌ల ఓటుకి, ఒకటి కంప్యూటర్‌కి, ఇంకొకటి చీటీలకి. ఎలా చేసినా ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ఆ అన్యాయం ఎవరి మీద పడాలో ఒక్కో రాష్ట్రం ఒక్కోలా తేల్చుకుంది, అంతే.

161 మంది పిల్లలున్న స్కూలు

అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఎవరితో ఎవరిని పోల్చాలన్నది. దీనికి ఇండియానా కథ చెప్పకుండా ఎవరూ ముందుకి వెళ్లలేరు.

ఇండియానాలో 1911 నుంచి 1997 దాకా ఒకటే టోర్నీ. పెద్ద స్కూలు, చిన్న స్కూలు అన్న తేడా లేదు, అందరూ ఒకే పంక్తిలో కూర్చోవాల్సిందే. 1954లో 750కి పైగా స్కూళ్లు బరిలో దిగితే ఫైనల్‌కి చేరినవాటిలో ఒకటి మైలాన్ అనే పల్లెటూరి స్కూలు. మొత్తం విద్యార్థులు 161 మంది. ఎదురుగా మన్సీ సెంట్రల్, దాదాపు పదింతలు పెద్ద స్కూలు, అప్పటికే ఎన్నోసార్లు చాంపియన్. చివరి క్వార్టర్‌లో మైలాన్ ఆటగాడు బాబీ ప్లంప్ బంతి పట్టుకుని నాలుగు నిమిషాలకు పైగా కదలకుండా నిలబడ్డాడు. అప్పట్లో షాట్ క్లాక్ లేదు, అంటే ఇన్ని సెకన్లలోపు షాట్ కొట్టాలన్న గడువు లేదు, అడిగేవాడూ లేడు. ఆఖరి క్షణాల్లో అతనే కొట్టిన షాట్‌తో 32-30. ఆ గెలుపు మీద తర్వాత సినిమా కూడా తీశారు.

అంత గొప్ప కథ ఉన్న రాష్ట్రమే 1997-98 సీజన్ నుంచి స్కూళ్లను విద్యార్థుల సంఖ్యను బట్టి నాలుగు తరగతులుగా విడగొట్టేసింది. చాలామంది గుండె పగిలింది, ఇప్పటికీ తిట్టుకునేవాళ్లున్నారు. కానీ లెక్క చూస్తే విడగొట్టినవాళ్లది పూర్తిగా తప్పనలేం. మైలాన్ లాంటిది అరుదుగా జరిగింది కాబట్టే కథ అయింది. మిగతా ఏళ్లలో చిన్న స్కూళ్లు మొదటి వారంలోనే పెద్ద స్కూళ్ల చేతిలో చితికిపోయేవి, వాటి మీద ఎవరూ సినిమా తీయలేదు.

పక్కనే ఉన్న కెంటకీ మాత్రం ఈరోజుకీ మొండికేసి ఒకటే టోర్నీ నడుపుతోంది. రాష్ట్రాన్ని 64 డిస్ట్రిక్టులుగా, 16 రీజియన్లుగా విభజించారు. డిస్ట్రిక్ట్ టోర్నీ ఫైనల్‌కి చేరిన ఇద్దరూ రీజియన్‌కి వెళతారు. అంటే రీజియన్‌లో ఎనిమిది టీమ్‌లు, పైకి ఒక్కటే. అలా మిగిలిన 16 మంది లెక్సింగ్టన్‌లోని రప్ అరీనాలో తేల్చుకుంటారు. పేరే స్వీట్ సిక్స్‌టీన్. ఏడాదికి అబ్బాయిల్లో ఒక చాంపియన్, అమ్మాయిల్లో ఒక చాంపియన్. నది దాటితే ఒహాయో. అక్కడ 2024-25 నుంచి ఏడు డివిజన్లు, అంటే అబ్బాయిల్లోనే ఏడుగురు చాంపియన్లు. "మా అబ్బాయి టీమ్ స్టేట్ చాంపియన్" అని వాట్సాప్‌లో ఫొటో వస్తే ఏ రాష్ట్రం అని అడగడం అందుకే తప్పు కాదు.

విద్యార్థుల సంఖ్య ఒక్కటే చూస్తే ఇంకో తలనొప్పి ఉంది. ప్రభుత్వ స్కూలు సాధారణంగా తన పరిధిలోని పిల్లల్నే తీసుకోవాలి. ప్రైవేటు స్కూలు నలుమూలల నుంచీ పొడుగాటి పిల్లల్ని ఏరుకోవచ్చు. కాలేజీ సీట్ల విషయంలో కార్పొరేట్ కాలేజీలు ర్యాంకర్లను ఏరుకోవడం చూసినవాళ్లం కాబట్టి మనకి ఇది వివరించక్కర్లేదు. ఇలినాయ్ దీనికి ఒక మందు కనిపెట్టింది. కొంత పరిమాణం దాటిన ప్రైవేటు స్కూలు అసలు సంఖ్యను 1.65తో గుణిస్తారు. వెయ్యి మంది పిల్లలుంటే ప్లేఆఫ్స్ లెక్కలో 1,650 మంది. ఇండియానా ఇంకో దారి పట్టింది. ఎక్కువ విజయాలు సాధిస్తున్న స్కూలుని, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, పాయింట్ల లెక్కన పై తరగతికి తోసేస్తుంది. నా మటుకు నాకు ఇండియానా పద్ధతే నచ్చుతుంది. ఎవరు ఎలా పిల్లల్ని చేర్చుకున్నారన్న గొడవ లేకుండా, గెలుస్తున్నావా, అయితే పైకి పో అంటుంది.

కాలిఫోర్నియా ఈ దారిలో ఇంకా దూరం వెళ్లింది. అక్కడ పది సెక్షన్లున్నాయి, ఒక్కో సెక్షన్‌కి సొంత పద్ధతి. 2013 నుంచి రాష్ట్రస్థాయిలో ఓపెన్ డివిజన్ అని ఒకటి పెట్టారు. స్కూలు సైజుతో పని లేకుండా బలమైన టీమ్‌లన్నిటినీ ఏరి అందులో పడేస్తారు. సింహాలన్నిటినీ ఒకే బోనులో పెట్టినట్టు. దక్షిణ కాలిఫోర్నియా సెక్షన్‌లో మిగతా డివిజన్లు కూడా సైజును బట్టి కాకుండా ఆట బలాన్ని బట్టి వేస్తారు. దీనివల్ల వింతలు జరుగుతాయి. సీజన్ పొడుగునా గట్టివాళ్లతో ఆడి సగం ఓడిన టీమ్ కింది డివిజన్‌లోకి జారి, అక్కడ కప్పు ఎగరేసుకుపోవచ్చు. ఓపెన్‌లో పడ్డ మంచి టీమ్ మొదటి రౌండ్‌లోనే ఇంటికి రావచ్చు. కొంచెం బాగా ఆడటమే వాళ్లు చేసిన నేరం.

నలుగురిలో ఒకరవ్వాలి

టెక్సస్‌కి వద్దాం. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో మనవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి.

అక్కడ పోటీలు నడిపేది యూఐఎల్. 1910లో టెక్సస్ యూనివర్సిటీ నీడలో పుట్టిన సంస్థ. విద్యార్థుల సంఖ్యను బట్టి స్కూళ్లను 1ఏ నుంచి 6ఏ దాకా ఆరు కాన్ఫరెన్సులుగా పెడతారు. డాలస్ శివార్లలోని చాలా స్కూళ్లు పై రెండింట్లో ఉంటాయి. ఒక్కో కాన్ఫరెన్స్‌ని మళ్లీ డిస్ట్రిక్టులుగా విడగొడతారు. ఇక్కడే మనవాళ్లు తడబడతారు. ఈ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, అమెరికాలో స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ కూడా కాదు. ఆటల కోసం దగ్గర దగ్గరగా ఉన్న ఆరు నుంచి తొమ్మిది స్కూళ్లను కట్టిన గుంపు. ఒక్కోసారి మూడు నాలుగు వేర్వేరు స్కూల్ డిస్ట్రిక్టుల బడులు ఒకే ఆటల డిస్ట్రిక్టులో ఉంటాయి.

గుంపులోని ప్రతి టీమ్‌తో రెండుసార్లు ఆడాలి, సొంత జిమ్‌లో ఒకసారి, వాళ్ల జిమ్‌లో ఒకసారి. పట్టికలో మొదటి నలుగురు ప్లేఆఫ్స్‌కి వెళతారు. నవంబరు, డిసెంబరుల్లో ఆడే టోర్నీలు, స్నేహపూర్వక మ్యాచ్‌లు మొత్తం రికార్డులో కనిపిస్తాయి కానీ ఈ పట్టికని ముట్టుకోవు. మేనల్లుడి టీమ్ 15 గెలుపులు పోగేసింది అక్కడే.

ఈ పద్ధతి గొప్పతనం, ఐదో తరగతి పిల్లాడు కూడా లెక్క వేసుకోగలగడం. ఎవరి ఓటూ అక్కర్లేదు, ఏ కంప్యూటరూ అక్కర్లేదు. దీని రోగం కూడా అదే. ఒక డిస్ట్రిక్టులో ఆరుగురు కొమ్ములు తిరిగినవాళ్లు పడితే ఇద్దరు బయటికి పోవాల్సిందే. పక్క డిస్ట్రిక్టులో సగం ఓడినవాడు హాయిగా లోపలికి వస్తాడు. భూమి మీద గీసిన గీత ఎటు పడిందన్నదే తేడా.

2024-25 నుంచి ఇంకో మెలిక పెట్టారు. అర్హత పొందిన నలుగురిలో ఎక్కువమంది విద్యార్థులున్న రెండు స్కూళ్లు డివిజన్ 1కి, తక్కువమంది ఉన్న రెండూ డివిజన్ 2కి వెళతాయి. పట్టికలో ఎన్నో స్థానమన్నది ఇక్కడ చూడరు, సైజే చూస్తారు. ఆ తర్వాత పక్క డిస్ట్రిక్టుతో జత కడతారు. మన డిస్ట్రిక్ట్ నుంచి ఆ డివిజన్‌కి వెళ్లిన ఇద్దరిలో పైవాడు, పక్క డిస్ట్రిక్ట్ ఇద్దరిలో కిందివాడితో ఆడతాడు. ఈ రౌండ్‌ని బై-డిస్ట్రిక్ట్ అంటారు. తర్వాత ఏరియా, ఆపైన రీజియన్, చివర్లో రాష్ట్రం. ఏ డిస్ట్రిక్ట్ ఏ డిస్ట్రిక్ట్‌తో ఎప్పుడు ఎదురుపడాలో సీజన్ మొదలవక ముందే రాసి ఉంటుంది. రాష్ట్రం మొత్తానికి నంబర్ వన్ సీడ్ అంటూ, అంటే టోర్నీకి ముందే బలాన్ని బట్టి ఇచ్చే ఒకటో నంబరు, ఎవరికీ ఉండదు. అందుకే రాష్ట్రంలో అందరికన్నా బలమైన రెండు టీమ్‌లు పక్కపక్క డిస్ట్రిక్టుల్లో ఉంటే, ఫైనల్లో చూడాల్సిన ఆట మూడో రౌండ్‌లో చూడాల్సి వస్తుంది. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఈ ఏడుపు ప్రతి ఏడాదీ వినిపిస్తుంది.

ఇండియానాలో అయితే లోపలికి రావడమన్న సమస్యే లేదు. ఒక్క మ్యాచ్ గెలవకపోయినా టోర్నీలో చోటుంది. ఒక్కో తరగతిలో 16 సెక్షనల్ గుంపులు, అందులో ఎవరు ఎవరితో ఆడాలో చాలా ఏళ్లపాటు చీటీలు తీసి తేల్చారు. సీడింగ్ ఉండేది కాదు. 20 మ్యాచ్‌లు వరసగా గెలిచిన ఇద్దరికి మొదటి రోజే ముడిపడే వీలుండేది. బయటివాళ్లకి పిచ్చిగా అనిపించేది. అక్కడివాళ్లు మాత్రం ఆ చీటీలు తీసే రోజుని పండగలా చూసేవాళ్లు.

మసాచుసెట్స్ 2021-22లో ప్రాంతాల వారీ పద్ధతి వదిలేసి రాష్ట్రం మొత్తాన్ని ఐదు డివిజన్లుగా ఒకే పట్టికలో పెట్టింది. ప్రతి డివిజన్‌లో పవర్ రేటింగ్ ప్రకారం, అంటే ఫలితాలనీ ప్రత్యర్థుల బలాన్నీ చూసి లెక్కగట్టే మార్కు ప్రకారం, మొదటి 32 టీమ్‌లకి చోటు. ఆ 32లో లేకపోయినా సీజన్‌లో కనీసం సగం గెలిస్తే వాళ్లూ లోపలికి రావచ్చు, ప్రిలిమినరీ రౌండ్ ఆడాలి. ఇక్కడ రేటింగ్‌లో ఎంత తేడాతో గెలిచారన్నది కూడా చూస్తారు, కానీ ఒక హద్దు పెట్టారు. హద్దు దాటాక 40 పాయింట్ల తేడాతో గెలిచినా లాభం లేదు. ఆ హద్దు లేకపోతే ఏమవుతుందో ఊహించండి. ఓడిపోయిన టీమ్‌లోని పద్నాలుగేళ్ల పిల్లల మీద ఆఖరి నిమిషం దాకా ప్రెస్ వేస్తూ, అంటే కోర్టంతా వెంటాడి బంతి లాక్కుంటూ, స్కోరు పెంచుకుంటూ పోతారు. ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ కోసం పెద్దవాళ్లు కొట్టుకుంటే చూడ్డానికి బాగుంటుంది, స్కూలు పిల్లలతో ఆ పని చేయించకూడదు.

సీడ్ అంటే టికెట్ కాదు, దారి

లోపలికి వచ్చాక రెండో గొడవ మొదలవుతుంది. సీడ్ అంటే ర్యాంకే కదా అనుకుంటాం. నిజానికి అది ప్రయాణం మ్యాపు. 16 టీమ్‌ల బ్రాకెట్‌లో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపించే పటంలో, ఒకటో సీడ్ పదహారుతో, రెండు పదిహేనుతో, ఎనిమిది తొమ్మిదితో. మొదటి రౌండ్‌లో ఏ జత కూడినా 17 వస్తుంది, 32 టీమ్‌లైతే 33. బలమైనవాడికి మొదట్లో బలహీనుడు, బలమైనవాళ్లిద్దరూ చివరిదాకా ఎదురుపడకుండా అన్నదే ఉద్దేశం. ఇందులో ఎనిమిది, తొమ్మిది సీడ్‌లది దరిద్రపు జాతకం. మొదటి ఆట సమవుజ్జీతో, గెలిస్తే వెంటనే ఒకటో సీడ్. ఒక్కోసారి ఎనిమిదో సీడ్ కన్నా పదో సీడ్ రావడమే మేలు. కోచ్‌లు బయటికి చెప్పరు కానీ లెక్కలు వేసుకుంటారు.

టీమ్‌ల సంఖ్య 8, 16, 32 కాకపోతే పైవాళ్లకి బై ఇస్తారు. 13 టీమ్‌లుంటే పదహారుకి మూడు తక్కువ, కాబట్టి మొదటి మూడు సీడ్‌లు ఆడకుండానే రెండో రౌండ్‌కి. చాలాచోట్ల పై సీడ్‌కి సొంత జిమ్‌లో ఆడే హక్కు కూడా ఉంటుంది. హైస్కూల్ జిమ్‌లో అది చిన్న విషయం కాదు. తెలిసిన రింగు, తెలిసిన నేల, బెంచీల మీద సొంత స్కూలు బ్యాండు. ఎదుటివాళ్లేమో సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర పసుపు బస్సులో కూర్చుని వచ్చి దిగుతారు.

ఇక సీడ్ ఎవరివ్వాలి? ఒహాయోలో చాలా ఏళ్లపాటు కోచ్‌లే ఓటేసి సీడ్‌లు ఇచ్చుకున్నారు. అంతటితో ఆగలేదు. సీడ్ వచ్చాక బ్రాకెట్‌లో ఎక్కడ కూర్చోవాలో కూడా కోచ్ ఇష్టమే. ఒకటో సీడ్ ముందు చోటు ఎంచుకుంటాడు, తర్వాత రెండు, తర్వాత మూడు. బంతి భోజనాల్లో ఎవరి పక్కన కూర్చుంటే వడ్డన బాగా జరుగుతుందో చూసుకున్నట్టు, ఎవరికి దూరంగా ఉంటే ఇంకో వారం బతుకుతామో చూసుకుని కూర్చునేవాళ్లు. ఓటులో ఉండే జబ్బు అందరికీ తెలిసిందే. పక్కూరి కోచ్‌తో పాత కక్ష ఉంటే రెండు సీడ్‌లు కిందకి నెట్టొచ్చు. కానీ ఓటుకి కళ్లున్నాయి. మెయిన్ ప్లేయర్ కాలు విరిగి ఆరు మ్యాచ్‌లు ఓడి, ఇప్పుడు తిరిగొచ్చాడని కోచ్‌కి తెలుసు, ఫార్ములాకి తెలియదు.

ఫార్ములాల్లో అందరికన్నా పేరున్నది ఆర్‌పీఐ. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో 1981 నుంచి 2018 దాకా వాడి వదిలేశారు. హైస్కూళ్లలో కొలరాడో, వాషింగ్టన్, నార్త్ కరొలైనా లాంటి రాష్ట్రాలు తమ తమ మార్పులతో అందుకున్నాయి. దీని వెనకున్న ఆలోచన సులువు. నువ్వెన్ని గెలిచావన్నది ఒక ముక్క. నీతో ఆడినవాళ్లు ఎన్ని గెలిచారన్నది రెండో ముక్క. వాళ్లతో ఆడినవాళ్లు ఎన్ని గెలిచారన్నది మూడోది. కాలేజీ లెక్కలో ఈ మూడింటికీ 25, 50, 25 శాతం బరువు. అంటే సగం మార్కులు నీ ప్రత్యర్థులు తెచ్చిపెడతారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. మొదటి టీమ్ 24 ఆడి 16 గెలిచింది, గెలుపు రేటు 0.667. దాని ప్రత్యర్థుల సగటు 0.600, వాళ్ల ప్రత్యర్థులది 0.540. లెక్కిస్తే ఆర్‌పీఐ 0.602. రెండో టీమ్ 24లో 22 గెలిచింది, రేటు 0.917. కానీ ఆడింది తేలికైనవాళ్లతో, ప్రత్యర్థులు 0.400, వాళ్ల ప్రత్యర్థులు 0.480. ఆర్‌పీఐ 0.549. ఎనిమిది ఓడినవాడు రెండే ఓడినవాడికన్నా పైన కూర్చున్నాడు.

ఇంకా విచిత్రం చూడండి. ఆ మొదటి టీమ్ 25వ మ్యాచ్‌గా, 22లో రెండే గెలిచిన ఒక బలహీనమైన స్కూలుతో ఆడి గెలిచిందనుకుందాం. గెలుపు రేటు 0.680కి పెరుగుతుంది. కానీ ప్రత్యర్థుల సగటు 0.580కి పడిపోతుంది. మూడో ముక్క మారలేదనుకుంటే ఆర్‌పీఐ 0.595. గెలిచి దిగజారింది! అందుకే ఈ రాష్ట్రాల్లో అసలు ఆట వేసవిలో, షెడ్యూల్ వేసేటప్పుడే మొదలవుతుంది. ఎవరితో ఆడాలి, ఎవరిని తప్పించుకోవాలి అని కోచ్‌లు కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చుంటారు. పాపం అసలైన చిన్న స్కూలుతో ఆడటానికి ఎవరూ ముందుకి రారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ ఆర్‌పీఐని వాడిన తీరు నాకు ముచ్చటగా అనిపించింది. అక్కడ కొన్నేళ్లపాటు నడిచిన పద్ధతి ఇది. రాష్ట్ర టోర్నీకి ఎవరు రావాలో డిస్ట్రిక్ట్ టోర్నీలు తేలుస్తాయి, ఆర్‌పీఐ సీడ్ మాత్రమే ఇస్తుంది. అలా వచ్చిన 16 మందిలో మొదటి ఎనిమిది సీడ్‌లు తమలో తాము ఆడేవాళ్లు. గెలిచినవాళ్లు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి. ఓడినా ఇంటికి పోనక్కర్లేదు, ఇంకో అవకాశం ఉండేది. తొమ్మిది నుంచి పదహారు దాకా ఉన్నవాళ్లకి మాత్రం ఓడితే అంతే. ఐపీఎల్ చూసేవాళ్లకి ఇది కొత్త కాదు. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్లు క్వాలిఫయర్ 1 ఓడినా క్వాలిఫయర్ 2 ఉంటుంది, మూడు, నాలుగు స్థానాలవాళ్లకి ఎలిమినేటర్ ఒక్కటే. సీజనంతా కష్టపడినందుకు ఒక్క చెడ్డ రాత్రిని మాఫీ చేయడం.

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ల పిల్లలకి ఇంకోరకం. ప్రభుత్వ స్కూళ్లు సైజును బట్టి నాలుగు గ్రూపులు, ఒక్కో గ్రూపులో ప్రాంతాల వారీ సెక్షన్లు, ప్రైవేటు స్కూళ్లకి వేరే రెండు గ్రూపులు. ఒకప్పుడు ఈ ఆరు గ్రూపుల విజేతలూ కలిసి టోర్నమెంట్ ఆఫ్ చాంపియన్స్ ఆడి, రాష్ట్రంలో నిజంగా ఎవడు మొనగాడో తేల్చుకునేవాళ్లు. 2022తో దాన్ని ఆపేశారు.

టై పడితే

లెక్కలన్నీ అయ్యాక కూడా ఇద్దరు సమానంగా మిగులుతారు. ఇద్దరైతే ఒకరితో ఒకరు ఆడినప్పుడు ఎవరు గెలిచారో చూస్తారు. అక్కడా ఒకటి ఒకటి అయితే కొన్నిచోట్ల అదనపు మ్యాచ్ పెడతారు, కొన్నిచోట్ల ఆ ఇద్దరి మధ్య పాయింట్ల తేడా చూస్తారు. ముగ్గురైతే ఒకడు రెండోవాడిని, రెండోవాడు మూడోవాడిని, మూడోవాడు మళ్లీ మొదటివాడిని గెలిచి ఉండొచ్చు. టెక్సస్‌లో ఇలాంటప్పుడు ఏం చేయాలో డిస్ట్రిక్ట్ కమిటీ ముందే రాసి పెట్టుకుంటుంది. ఆ కాగితం సీజన్ మొదట్లో ఎవరూ చదవరు, ఆఖరి వారంలో అందరికీ కంఠతా వస్తుంది.

2024 మే 18న బెంగళూరులో ఆర్‌సీబీ, చెన్నై ఆడిన రాత్రి గుర్తుందా? ఆర్‌సీబీ గెలిస్తే చాలదు, మొదట బ్యాటింగ్ చేసింది కాబట్టి 18 పరుగుల తేడాతో గెలవాలి. 27 పరుగులతో గెలిచింది. పట్టికలో నాలుగు టీమ్‌లు 14 పాయింట్ల దగ్గరే ఆగాయి, నెట్ రన్‌రేట్ మీద బెంగళూరు పైకి వెళ్లింది. ధోనీ అభిమానులు ఆ రాత్రి ఎంత బాధపడినా, ఓడింది ఆటలోనే.

1988లో పశ్చిమ టెక్సస్‌లో ఆ అదృష్టం కూడా లేదు. అది అమెరికన్ ఫుట్‌బాల్, కానీ సంస్థ అదే యూఐఎల్, చిక్కూ అదే. ఒడెస్సాలోని పర్మియన్, మిడ్‌లాండ్‌లోని లీ, మిడ్‌లాండ్ హై, మూడు స్కూళ్లూ సమానంగా నిలిచాయి. పైకి వెళ్లాల్సింది ఇద్దరు. అర్ధరాత్రి దాటాక హైవే పక్కన లారీలు ఆగే చోట ముగ్గురు కోచ్‌లు కలిసి నాణేలు ఎగరేశారు, స్థానిక టీవీ దాన్ని ప్రత్యక్షంగా చూపించింది. పర్మియన్, లీ లోపలికి వెళ్లాయి. మిడ్‌లాండ్ హై పిల్లల సీజన్ మైదానంలో కాదు, ఆ నాణేల దగ్గర ముగిసింది.

ఇదంతా ఫోన్‌లో బావకి ముక్కలు ముక్కలుగా చెప్పాను. చివరికి ఆయన అడిగింది ఒక్కటే: "మరి వచ్చే ఏడాది?" మేనల్లుడు అప్పుడు సీనియర్, ఆఖరి అవకాశం.

దానికి సమాధానం జిమ్‌లో దొరకదు. యూఐఎల్ రెండేళ్లకోసారి స్కూళ్ల విద్యార్థుల సంఖ్య తీసుకుని గీతలన్నీ మళ్లీ గీస్తుంది. దాన్ని రీఅలైన్‌మెంట్ అంటారు, ఫిబ్రవరి మొదట్లో బయటపెడతారు. ఫ్రిస్కో లాంటి ఊళ్లలో కొత్త హైస్కూలు తెరిస్తే పాత స్కూలు నుంచి వందల మంది అటు వెళతారు, కాన్ఫరెన్సే మారిపోవచ్చు. పక్కూరి గట్టి టీమ్ ఇంకో డిస్ట్రిక్టుకి పోవచ్చు, లేదా అంతకన్నా గట్టిది రావచ్చు. బావ ఇప్పుడు స్కోర్లు చూడటం మానేశాడు. ఇంటి చుట్టుపక్కల ఎక్కడ కొత్త ఇళ్లు కడుతున్నారో, ఆ ఇళ్ల పిల్లలు ఏ స్కూలుకి వస్తారో లెక్క తీస్తున్నాడు.